రేత్రి మాత్ర ఏసుకుంతారేటి?

సోంపేట టేసన్ గేటుకాడ
ఇరవయ్యొక్క ఏళ్ళ నుంచీ కూకుంతన్నాను.
పంపర పనస నా యాపారం.
కవిటి తోటల్లోంచి తెల్లారగట్ల ఆటో ఎక్కించీసి
గంపలో కొబ్బరాకు పరిసి
ఒక్కో కాయనీ ఆనించి పెడతాను,
పసిగుంట తలకాయ తలగడ మీద పెట్టినట్టు.

కొయ్యకుండానే సెప్పగల్ను నాను.
బొటనేలుతో నొక్కితే తెల్సిపోద్ది
ఏది తీపి, ఏది సేదు,
ఏది పైకి బూరె, లోపల పీచు.
మనుసుల్నీ అలగే సెప్పగల్ననుకునీదాన్ని.

రోజుకో కాయ కొనీవాడు గేంగుమేన్ కూర్మారావు.
పట్టాల ఎంట నడిసి నడిసి
ఇనపకడ్డీలైపోయిన కాళ్ళు.
బేరవాడడు. తొక్క నానే ఒలవాల,
తొనలు అరటాకులో కట్టాల,
ఉప్పూకారం పొట్లం యేరే.
"కూడు తిన్నాక ఇదే నాకు మందు" అనీవాడు.

చవితి ఎల్లినాక మనిసి అగుపడ్డం మానీసినాడు.
ఓనాడు సూత్తును గదా,
రోడ్డుకి అటేపు నుంచి, సేతిలో కర్ర,
మొకం తిప్పీసుకోని ఎల్లిపోతన్నాడు.
నాను అప్పేటి అడగనేదే!
పుచ్చుకాయ గానీ అంటగట్టీసినానేటని
రెండ్రోజులు కూడు సయించనేదు.

తరవాత నా వొంతొచ్చింది.
ఆసుపత్రిలో రగతం తీసి కొవ్వుందన్నారు.
నాకా కొవ్వు! సూడండి ఈ జబ్బలు,
రవికలో ఎండుకట్టెలు.
అయినా రాసిచ్చినారు, రేత్రికో మాత్ర,
తెల్లది, కోలగుంతాది.
అమ్ముడవ్వని కాయ ఇంటికే గదా.
కూడు, మాత్ర, కాయ.
నెల తిరిగీసరికి పిక్కలు పీకీడం, తొడలు బరువు.
గంప నెత్తికెత్తుకుంటే
మోకాళ్ళు నన్నొగ్గీసినాయి.

మందులకొట్టు లోకనాథం,
నా గంపలో కాయలు తిని పెరిగిన గుంటడు,
చీటీ సూసి, నన్ను సూసి, గంప సూసి అన్నాడు:
"పెద్దమ్మా, నీ కడుపులో ఓ టీసీ ఉంతాడనుకో.
ఈ మాత్రలో కొంతే లోనకి ఒగ్గుతాడు,
మిగిల్నదాన్ని గేటుకాడే ఆపీస్తాడు.
నీ పండుందే, అది ఆ టీసీని నిద్దరపుచ్చీస్తాది.
ఇంక రైలు రైలంతా టిక్కట్టు నేకుండా
నీ రగతంలోకి దిగిపోద్ది.
అన్ని మాత్రలూ ఇలగ కాదు. నీ అంతట మానీకు,
డాక్టరుకి సెప్పు, ఇంకోటి రాస్తాడు."

బతుకంతా టీసీ నిద్దరోవాలని మొక్కినదాన్ని.
గంపతోటి పేసింజరెక్కి
ఇచ్చాపురం దాకా, పలాస దాకా,
ఆయన కళ్ళు మూస్తే ఆ రోజు నాకు పండగ.
ఇప్పుడు కడుపులోవోడు మేలుకోవాలంట.

అప్పుడెలిగింది.
కూర్మారావు కర్ర. కూర్మారావు తిప్పిన మొకం.
పండు మానీమన్నారని సెప్పలేక,
నా బేరం పోతాదని రోడ్డు మారీసినాడు.
ఓలమ్మా, కొయ్యకుండానే సెప్పగల్నన్నానే!

ఇప్పుడు తల నెరిసినోళ్ళు కాయ మీద సెయ్యేస్తే
నాను రేటు సెప్పను.
"రేత్రి మాత్ర ఏసుకుంతారేటి? కొవ్వుకి?"
ఓ సిల్కు లాల్చీ బాబు
"కాయలమ్మీదానివా, కంపౌండరువా" అన్నాడు.
పక్క గంప తవిటమ్మ బుగ్గలు నొక్కుకుంతాది:
"వచ్చిన బేరాన్ని తగిలీసీ యాపారం ఏటే నీది!"
నిజమే. రోజుకి నాలుగు కాయలు మిగిలిపోతన్నాయి.

మొన్న సాయంత్రం కూర్మారావు రోడ్డు దాటొచ్చినాడు.
కర్ర నేదు.
జేబులోంచి చీటీ తీసి "మాత్ర మారింది" అన్నాడు.
నాకు చదువు రాదు. మాట నమ్మను.
"గంప సూస్తుండు" అని ఒప్పజెప్పీసి
చీటీ అట్టుకోని లోకనాథం కాడికి బేగి ఎల్లినాను.
ఆడు ఇటు తిప్పి అటు తిప్పి, "పరవానేదు" అన్నాడు.

తిరిగొచ్చీసరికి
కాపలా కూకున్న మనిసి స్తంబానికి ఆనుకోని
గుర్రెడతన్నాడు.
గంపలో అరటాకులు మేక నమిలీస్తంది.

మేకని అదిలించినాను.
ఆయన్ని లేపనేదు.
పెద్ద కాయొకటి తీసి, నొక్కి సూసి,
తొక్క ఒలవడం మొదలెట్టినాను.