సాక్ష్యానికొచ్చిన టిక్కీ

గుంటూరు కోర్టు, మూడో అంతస్తు.
కోల్డ్ స్టోరేజీ తగలబడ్డాక
మిగిలిన మిరప టిక్కీ ఒకటి
సాక్ష్యంగా బల్లెక్కింది.

రసీదు భూమి ఆసామి పేరున,
పాస్‌బుక్కూ ఆయనదే,
బీమా సొమ్మూ ఆయనకే అంటాడు వకీలు.
కౌలుకి కాగితం లేదు, నోటిమాటే.
"పంట నీదని రుజువేంటమ్మా?"
పెదనందిపాడు బుల్లెంకమ్మ నోరు తెరవలేదు.

బంట్రోతు కుట్టు విప్పాడు.
తేజ రకం. ఏడాదైనా, పొగ పట్టినా
ఘాటు చావలేదు.
ముందు గుమాస్తా తుమ్మాడు,
తర్వాత వకీళ్లిద్దరూ.
ఆసామి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.
జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆమె ఒక్కతే
ఓ కాయ అందుకుని, తొడిమ తుంచి,
వెలుతురుకి పెట్టి చూస్తోంది
తాలా, మంచిదా అని.

ఇది రికార్డుకి ఎక్కలేదు.
వాయిదా పదిహేడుకి.