అరగకముందు

చార్‌కమాన్ వెనక సందులో
యునానీ గోలీలు కొట్టే మెషీను ఆగిపోయింది.
హకీం ముస్తఫీజ్ సాబ్ దాని లోపలి కామ్‌ను
దస్తీలో మూటగట్టి తెచ్చాడు.
అరచేతిలో పట్టేంత ఇనుము, కోడిగుడ్డుకు అన్నలా ఉంది,
ఇంకా సోంపు వాసన కొడుతోంది.
చేసిన కంపెనీ లేదు. కాగితం ముక్క లేదు.
"బేటీ, బిల్కుల్ ఇట్లాంటిదే ఇంకొకటి" అన్నాడు,
చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మూడు రాత్రులు.
మూసాపేటలో మా గది, కిటికీ ఎత్తున మెట్రో పోతుంటే
బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికేవి.
వెర్నియర్ దవడల మధ్య ఆ ఇనుము
తిప్పిన ప్రతిసారీ ఒక కొత్త అంకె చెప్పింది.
అన్నీ నమ్మాను.
స్కెచ్, ఎక్స్‌ట్రూడ్, కట్, ఫిల్లెట్...
తెర ఎడమ పక్క ఒక చెట్టు కిందికి పెరిగింది,
నేను తప్పుచేసి దిద్దుకున్న చోట్లతో సహా.

మొదటి ఎక్స్‌పోర్ట్ నవ్వులపాలు.
ఎస్‌టీఎల్ ఫైలుకు అంకె తెలుసు, కొలత తెలీదు.
నేను అంగుళాల్లో పంపితే వాళ్ళ దగ్గర మిల్లీమీటర్లయింది.
ప్రింటింగు షాపు కుర్రాడి ఫోను:
"అక్కా, ఆవగింజంత వస్తోంది. తాలింపులోకా?"

తర్వాత స్టెప్ ఫైలు.
సేవ్ నొక్కేముందు ఎప్పుడూ కాసేపు ఆగుతాను.
ఇక్కడే చెట్టు ఆకులు రాలుస్తుంది.
ఏ గీత ముందు, ఏది తర్వాత,
రాత్రి రెండింటికి ఆ వంపును ఎందుకు మార్చానో,
'ఇక్కడ డౌటు' అని నాకు నేనే రాసుకున్న మాట
ఏదీ గుమ్మం దాటదు.
దాటేది ఒళ్ళు. కొన్ని అంచులు, కొన్ని ముఖాలు, నడుమ ఒక బోలు.
ఆ బోలు ఎంత బిగువుగా ఉండాలో కూడా చెప్పదు.
అందుకే వెంట ఒక పీడీఎఫ్,
పసివాడి జేబులో చీటీ పెట్టి
కిరాణా కొట్టుకు పంపినట్టు.

బాలానగర్‌లో లాలయ్య షెడ్డు.
కూలెంటు విరిగిన పాలలా కారుతోంది.
నా కామ్‌ను తెర మీద ఒకసారి అటూ ఇటూ తిప్పి
"పాతది ఉన్నదా?" అన్నాడు.
దస్తీ విప్పాను.
కళ్ళు మూసుకుని బొటనవేలితో
దాని చుట్టూ నడిచాడు. ఒకచోట ఆగాడు.
మళ్ళీ వెనక్కి నడిచాడు.

"ఈడ దిగింది జూడు.
గోలీలు కొట్టీ కొట్టీ అరిగింది.
నువ్వు అరిగినదాన్ని కొలిచినవ్ బిడ్డా.
అరగకముందు ఎట్లుండెనో అది గియ్యాలె."

"అదెట్లా తెలుస్తుంది?"

"ఒక్క దిక్కే ఎత్తుతది, ఒక్క దిక్కే అరుగుతది.
రెండో దిక్కు సాఫ్‌గనే ఉన్నది గద,
దాన్ని అద్దంల జూసి గియ్యి."

మిర్రర్ కమాండు
మూడు రాత్రులూ నా వేలికిందే ఉంది.
అతని కంప్యూటర్ మీదే కూర్చుని
సగం చెరిపాను. సగాన్ని తిప్పి అతికించాను.
మళ్ళీ ఎక్స్‌పోర్ట్.
లాలయ్య తంబాకు నలుపుకుంటూ
చూడనట్టు చూశాడు.

కోసి, చివర్న ఎమరీ కాగితంతో
నాలుగు సార్లు రుద్దాడు.
ఎంత పోయిందని అడిగితే
"మస్తు లేదు" అన్నాడు.
ఆ 'మస్తు లేదు' ఏ ఫైల్లోనూ లేదు.

శనివారం పొద్దున చార్‌కమాన్ సందులో
మొదటి గోలీ పళ్ళెంలో టక్కుమని పడింది.
హకీం సాబ్ దాన్ని దీపానికెత్తి చూసి
నా అరచేతిలో పెట్టాడు.
"దేనికిది?" అంటే "అజీర్తికి."

ఆ రాత్రి మళ్ళీ మోడల్ తెరిచాను.
కొత్త కామ్‌ను కొలిచి, ఆ రుద్దిన వెంట్రుకవాసిని
చెట్టు చివర కొమ్మగా చేర్చాను.
ఫిల్లెట్ పద్నాలుగు అని తనే పేరు పెట్టుకుంది.
చెరిపి, లాలయ్య బొటనవేలు అని టైపు చేశాను.

ఎక్స్‌పోర్ట్ నొక్కాను.
పేరు రాలిపోతుందని తెలుసు.
వంపు వెళ్తుంది.