తూము కాడ

మిర్యాలగూడ మిల్లుల లోడు ఆగింది.
బస్తాల మీద అచ్చేసిన రేవు
రాత్రి టీవీల పొగై కనిపించింది.
హమాలీలం ఆ బస్తాలకే ఒరిగి కూసున్నం.
కూలి లేదు, చాయ్ ఉద్దెర.

పెద్ద దేశాలు మాట్లాడుతున్నయట.
ఒకడు ఓడలు పంపుతడట, ఒకడు విమానాలు అమ్ముతడట,
ఇంకొకడు ‘ఆందోళన’ అని ఒక్క మాట చదివి
కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

నాకు ఎడమ కాల్వ యాదికొచ్చింది.
చివరి మళ్లకు నీళ్లందని ఏడు,
తూము కాడ రెండూర్ల కొట్లాట.
బయటోళ్లు అప్పుడూ వచ్చిన్రు.
గొడ్డలి కామలోడు ఇద్దరికీ అమ్మిండు.
జీపు దిగినాయన మా దిక్కు నిలబడ్డడు,
ఇరవై ఏండ్లు మా నెత్తి మీదనే నిలబడ్డడు.

సైదమ్మది మా ఊరు గాదు, వాళ్లదీ గాదు.
నాట్లకు పోతున్న కూలి మనిషి.
న్యాయం ఎవరిదని అడగలే.
తల పగిలిన పిలగాడు ఎవలోడో చూడలే,
కొంగు చింపి కట్టింది.
(బతికిండు. ఒక చెవు వినరాదు.)
అటెనక పోయి తూము చక్రం మీద కూసుంది:
"నన్ను దాటి తిప్పుండ్రి."

పొద్దు గూకింది. ఎవ్వడూ తిప్పలే.
తెల్లారి వంతులు మేమే రాసుకున్నం.
అప్పటికి ఆమె ఎక్కడో మునుముల వంగి ఉంది.
పేరు గూడ తర్వాత తెలిసింది.

వచ్చుడు అందరికీ వస్తది.
పోవుడు ఆమెకు తెలుసు.

"ఆడ అట్ల కూసునేటోళ్లు లేరా?" అంటుండు జానయ్య.
టీవీల సబ్బు అమ్ముతున్నరు.
నేను ఒక బస్తా పక్కకు జరిపి
ఒక మనిషి పట్టేంత జాగ చేసిన,
ఎందుకో.