కోటిపల్లి రేవు, మే నెల

కెమిస్ట్రీ నూకరత్నం మేడం
పంటు మీద రోజూ ఒకటే చోటు, చుక్కాని పక్కన.
నేను టికెట్లు చింపేవాణ్ణి,
ఇంటర్లో ఆవిడ సబ్జెక్టే తప్పినవాణ్ణి.

పొద్దుటి ట్రిప్పులో
కొబ్బరికాయల బస్తాలు, బైకులు, పాల క్యాన్లు,
మోచేతికి మోచెయ్యి.
ఎవరి చెమటో ఎవరికో అంటుతుంది,
ఎవరి తగువో ఎవరో తీరుస్తారు.
సాయంత్రం నా లెక్క తేలదు.

మిట్టమధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీలు.
ఏరు సగం ఇసక.
ఇంత పంటు మీద అయిదుగురం,
ఎవరి ఎండ వాళ్ళది,
ఒకరికొకరం ఏమీ కానట్టు.

"ఇదేరా ఆదర్శ వాయువు" అంది మేడం,
"ఒత్తిడి తక్కువ, వేడి ఎక్కువ.
సూత్రం సరిపోయేది ఇప్పుడే."
చిల్లర కూడా సరిపోయింది.

ముక్తేశ్వరం వైపు దిగబోతూ తూలిందావిడ.
నాలుగు చేతులు ఒక్కసారే లేచాయి.

"లెక్క తప్పిందిరా" అంది
నా చెయ్యి వదలకుండానే.