రెండు కన్నాల్లోనూ వెలుగే

నరసన్నపేట బైపాసులో పెట్రోలు బంకు వెనక
ఆగి ఉందది, ఒకప్పటి స్కూలు బస్సు.
పసుపు మీద నీలం పూశారు గానీ
తలుపు పక్కన "వరుసలో ఎక్కుము" ఇంకా కనిపిస్తోంది.

ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకి వైరింగు చేస్తున్నవాణ్ణి,
కదిలే ఇంటికి పిలుపు రావడం ఇదే మొదలు.
చెప్పులు విప్పాలో వద్దో తెలియక
ఫుట్‌బోర్డు మీద ఒక కాలేసి నిలబడ్డాను.
"ఇప్పకండి బాబూ, ఇంకా అంత ఇల్లయిపోలేదిది"
అంది నీలవేణమ్మ.

దాలినాయుడు గోగునార లారీ తోలిన మనిషి.
పాతికేళ్ళు ఆయన రోడ్డు మీద, ఆవిడ ఇంట్లో.
ఇప్పుడావిడ ఇంటినే రోడ్డెక్కించింది.

సంగతేమిటంటే, లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది,
ఎడమవైపు ప్లగ్గులు నాలుగూ చచ్చి పడున్నాయి.
రాత్రి నానబోసిన మినపపప్పు
మిక్సీ జారులో నీళ్ళు మింగి ఉబ్బి కూర్చుంది.

"లైట్లెలుగుతుంటే కరెంటున్నట్టే కదేటి?"
లైట్లు బ్యాటరీ బిడ్డలు నాయుడూ,
ప్లగ్గులు బంకు మీటరు వైపు చుట్టాలు.
ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

ముందు బంకువాడి వైరుని అనుమానించాను.
అరగంట. దానిదేం తప్పు లేదు,
అదే వైరు మీద వాళ్ళ నీళ్ళ మోటారు నడుస్తోంది.
తర్వాత మొదటి ప్లగ్గు ఊడదీస్తే
ఎర్రచీమలు, గుడ్లు నోట కరుచుకుని.
తప్పు వాటిదీ కాదు.
కాకపోయినా ఇల్లు ఖాళీ చేశాయి, పాపం.

అప్పుడు టెస్టరు తీశాను.
కుడి కన్నంలో పెడితే వెలిగింది. వెలగాలి.
ఎడమ కన్నంలో పెడితే, చీకటిగా ఉండాల్సిన చోట,
అక్కడా వెలిగింది.

"ఒకటెలిగితే కాపురం, రెండూ ఎలిగితే రోగం"
అనేవాడు నాకు పని నేర్పిన అసిరయ్య.
కరెంటు రావడం ఏం గొప్ప? వచ్చింది పోవాలి.
పోయే దారి తెగితే
మిక్సీ గుండా దూరి, పని చెయ్యకుండానే,
రెండో గుమ్మంలో వచ్చి నిలబడిపోతుంది,
తాళమేసిన ఇంటి ముందు మనియార్డరు మనిషిలా.

మెయిను కట్టించి మంచం కిందికి పాకాను.
బియ్యం డబ్బా, జాకీ, విరిగిన గొడుగు,
ఆయన పాత లారీ హారను,
వాటి వెనక మూడో ప్లగ్గు.
ఎర్ర తీగ గట్టిగానే ఉంది.
నల్ల తీగ మర వదిలి, వేలు విడిచిన పిల్లలా
పక్కకి తిరిగి ఉంది.

పాలకొండ రోడ్డు గోతులు
ఒక్కొక్కటీ ఆ మరని ఇసుమంత తిప్పుంటాయి.
నేను ఎరిగిన గోడలు ఊగవు,
అందుకే నాకీ సంగతి తట్టలేదు.

రాగిని గీకి, కొస వంచి, దూర్చి బిగించాను.
ఇంకో అర చుట్టు, ముందున్న గోతుల కోసం.
"మెయినెయ్యి నాయుడూ!"

రెండు కన్నాలు వెలిగినప్పుడే నాకు తెలియాలి,
ఎక్కడో ఒక మీట వేసే ఉందని.
అసిరయ్య ఆ మాట చెప్పలేదో, నేను వినలేదో.
పొద్దున్న తిప్పి చూసి వదిలేసిన మిక్సీ అది,
మూత పక్కనే బోర్లించి ఉంది.

బస్సంతా ఒక్క గర్జన.
మంచం కిందినుంచి తల బయటపెట్టేసరికి
పైకప్పు నిండా పప్పు, కిటికీల నిండా పప్పు,
నాయుడి మీసం ముప్పావు తెల్లబడింది.
నీలవేణమ్మ మెట్ల మీద కూలబడి
కడుపు పట్టుకుని నవ్వుతోంది.
"వొచ్చీసిందండి బాబూ, కరెంటొచ్చీసింది!"

జారులో మిగిలినదాన్ని రుబ్బి
అరచేతంత రొట్టె కాల్చి మూడు ముక్కలు చేసింది.
ఉప్పు తక్కువైంది. ఎవరం అనలేదు.

రాత్రి ఇంటికొచ్చి జేబులోంచి టెస్టరు తీస్తే
పిడి మీద ఎండిన పిండి చుక్క.
గోకలేదు.
రెండ్రోజులకి చీమలే వచ్చి పట్టుకుపోయాయి.