ఐమూల కొలత

గోడకి టేపు పట్టింది నేనే.
ఇరవై రెండేళ్లుగా పుస్తెలతాడు పక్కనే వేలాడే టేపు.
చివరి ఇత్తడి రేకు ఊడిపోయి
మొదటి అంగుళం ఎప్పుడో చిరిగిపోయింది.
ఒకటి దగ్గర మొదలెట్టి, ఆఖర్న ఒకటి తీసేస్తాను.
అలవాటే.
కిటికీ నుంచి బీరువా దాకా యాభై ఒకటి.

"యాభై అయిదుది పట్టదు" అన్నాడు గౌరునాయుడు.
పట్టదనుకునే బయల్దేరాం
కంచరపాలెం మెట్టు దగ్గర ఆటో ఎక్కి.

ద్వారకానగర్ షోరూంలో చల్లటి చీకటి.
గోడ నిండా టీవీలు, అన్నిట్లో ఒకటే చిలక.
ఒకటే తేనెచుక్క, జారుతూ జారుతూ జారదు.
ఒకటే సముద్రం,
మన బీచ్ రోడ్డు మీంచి ఎన్నడూ ఎవరూ చూడని నీలం.

కుర్రాడి జేబు మీద పేరు తవిటిరాజు.
"దీన్ని ఐమూలగా కొలుస్తారమ్మా, మూల నుంచి మూలకి.
అడ్డంగా అయితే నలభై ఎనిమిదిన్నరే."

ఐమూల సంగతి నాకా చెప్తావు నాయనా!
నిలువుగా కోసిన గుడ్డ నిలబడుతుంది,
ఐమూలగా కోసింది సాగుతుంది.
ధర కూడా అలాగే సాగింది.
గోడకి బిగించే ఇనుము వేరే,
రెండేళ్ల పూచీకి ఇంకో నాలుగు వేలు.

"మరి ఉప్పుగాలికో?" అన్నాను.
అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.
"ఉప్పుగాలికి ఏ కంపెనీ పూచీ ఇవ్వదమ్మా.
మాది పెదజాలరిపేట. ఇంట్లో ఇప్పుడున్నది మూడోది."
ఆ మాటకే సగం కొనేశాను.

"ఆ చిలకనాపి వార్తలు పెట్టు బాబూ."

వార్తలు చదివే అమ్మాయి ఆకుపచ్చ పట్టు జాకెట్టు తొడుక్కుంది.
మొదటి టీవీలో ఆకుపచ్చ, అంతే.
రెండోదాంట్లో జరీ మెరిసింది, మరీ మెరిసింది,
పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల్లా.
మూడోదాని ముందు ఆగిపోయాను.
ఎడమ చంక దగ్గర కుట్టు లాగేసింది.
మెడ పట్టీ కింద అస్తరు తొంగి చూస్తోంది.
ఎవరు కుట్టారో గానీ పాపం
అవతల బేరం గుమ్మంలో నిలబడి ఉండుంటుంది.

ఎనభై మూడు లక్షల చుక్కలంట, తవిటిరాజు చెప్తున్నాడు.
నేను కుట్లు లెక్కపెడుతున్నాను.
అంగుళానికి పన్నెండు.
"ఇదే" అన్నాను.
"సౌండు వినవా ఏటి?" అన్నాడు మా ఆయన.

పాత డబ్బా టీవీ,
హుద్‌హుద్ నాడు రేకులు లేచిపోతే
మిషను కింద దాచి అస్తరు గుడ్డలు చుట్టి
బతికించుకున్నది,
రెండొందలకి తోపుడుబండి ఎక్కింది.

ఆదివారం ఎదురింటి కోదండమ్మ కూతురు
పెళ్లి వీడియో పెన్‌డ్రైవులో తెచ్చింది.
వీధి మొత్తానికి పెద్ద తెర మాదే కదా.
తొమ్మండుగురం, మంచం మీద కొందరు,
మిషను బల్ల మీద గుంటలిద్దరు.
తలంబ్రాల్లో ఏ గింజకి ఆ గింజ పసుపు.
పెళ్లికూతురు వీపు తిప్పింది.

నా కుట్టు.
మూడో హుక్కు దగ్గర గుడ్డ గాలి పోసుకున్నట్టు ఉబ్బింది.
సరిగ్గా అంగుళం వదులు.
ఆఖర్న ఒకటి తీసెయ్యడం
మర్చిపోయిన రోజు.

"జాకెట్టు భలే కుదిరిందే" అంది కోదండమ్మ.
ఎవరూ చూడలేదు.
అందరూ అమ్మాయి కళ్లనీళ్లు చూస్తున్నారు.
గౌరునాయుడు మేళం బాగుందని సౌండు పెంచాడు.

తెల్లారి నేనే వెళ్లి జాకెట్టు అడిగాను.
"దానికేటైందే?"
"ఏం కాలేదు. హుక్కులు తుప్పు పట్టుంటాయి, ఉప్పుగాలి కదా."
అబద్ధం నిలువుగా నిలబడింది.

పిల్లని వెలుతురువైపు తిప్పి నిలబెట్టాను.
"ఊపిరి బిగబట్టకే."
చేతిలో కొత్త టేపు, ఇరవై రూపాయలు,
మొదటి అంగుళం అంకె
ఇంకా నల్లగా ఉంది.