గొడుగాయన దూరిన గోడ

రాజ్‌విహార్ సెంటర్ అంగట్లో
అద్దాల బీరువా వెనకనుంచి పిల్లోడు చెప్తాండాడు:
"అదే ఆటక్కా. మళ్ళీ విడుదల చేసినారు.
రంగులు పెంచినారు. తప్పులన్నీ తీసేసినారు.
రెండువేల నాలుగునూర్లు."

తప్పులు తీసేసినారంట.
పర్సు జిప్పు సగం తెరిచి నిలబడినా.

మా నాయన హుసేనప్ప గడియారాల రిపేరు తగ్గించి
కర్నూలు పాతబస్తీలో రెండు టీవీలు పెట్టినప్పుడు
గంటకు పది రూపాయలు, అరగంటకు ఆరు.
చిల్లర తీసుకునేది నేను, ఒళ్ళో లెక్కల పుస్తకంతో.
క్యాసెట్టు మీద జపాను రాతలు, ఎవరికీ రావు.
గొడుగు పట్టుకోని కోటలో ఉరికే మనిషి కాబట్టి
అది గొడుగాయన ఆట.
ఇప్పుడీ కొత్త అట్ట మీద వేరే పేరేందో ఉంది.

మూడో కోట, ఎడమ పక్క, రెండో దివిటీ కింద
గోడ ఉన్నట్టే కనపడుతుంది, ఉండదు.
చేసినోళ్ళు పెట్టడం మర్చిపోయిన ఒక ఇటుక.
దాన్ని కనుక్కున్నోడు మద్దిలేటి.
వాని చేతిలో రెండు రూపాయలే ఉంటే
నాయన పది నిమిషాలు ఆడుకోపో అన్యాడు.
ఆ పది నిమిషాల్లోనే గోడలో దూరి
కాపలా రాక్షసుని వీపు వెనక తేలినాడు.
అంగడంతా కేకలు.
నాయన కంటికున్న భూతద్దం తీసి, వచ్చి చూసి,
"దొంగదారి గాదులేరా,
వాళ్ళు మనకని వదిలిన సందు" అన్యాడు.

రెండువేల తొమ్మిది అక్టోబరు.
హంద్రీ, తుంగభద్ర మా వీధిలోనే కలుసుకున్నాయి.
నీళ్ళు దిగినాక టీవీల్లో బురద, సొరుగుల్లో బురద.
నాయన క్యాసెట్లు విప్పి మిద్దె మీద
వడియాల మాదిరి ఆరబెట్టినాడు,
కాకులకు నన్ను కాపలా పెట్టి.
నలభై ఒకటిలో బతికినవి ఆరు.
గొడుగాయన బతికినాడు.
ఆడించే పెట్టె బతకలేదు.

ఆ తర్వాత ఊర్లోకి ఏ కొత్త పెట్టె వచ్చినా
నాయన క్యాసెట్టు జేబులో వేసుకోని పోయేవాడు.
"ఇది దీంట్లో పడుతుందా?"
పట్టదు. దాని నోరు వేరే.
ఇంకొకటి వచ్చింది. దానికి నోరే లేదు.

కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చినప్పుడు
అమ్మ మట్టి పెనం కిమ్మనకుండా ఎక్కి కూర్చుంది.
మొన్న కరెంటు పొయ్యి కొన్యాం.
పెనం పెడితే కుయ్ కుయ్ మని ఆరిపోతాది.
"నా పెనం ఏం పాపం చేసింది తల్లీ?"
అమ్మ పొయ్యినే మర్యాదగా అడిగింది.
దానికి సరిపోయే పెనం గూడా అంగడోడే అమ్ముతాడు.
దాని మీదా జొన్నరొట్టె కాలుతుంది.
కొంచెం బాగానే కాలుతుంది, ఒప్పుకోవాల.

కొన్యా. అబద్ధమెందుకు.

ఆదివారం మద్దిలేటి వచ్చినాడు.
బేతంచెర్లలో బండలు కోసే మిషను కాడ పని,
కనుబొమ్మల్లో తెల్లదుమ్ము అట్లే ఉంది.
నా కొడుకు సుభాన్ కంట్రోలరు చేతికిచ్చినాడు.
కోట ఎంత సక్కగుందో! దివిటీల్లో నిజం మంటలు,
గొడుగు మీద వాన చినుకు చినుకూ లెక్కపెట్టొచ్చు.
మద్దిలేటి వాన చూడలేదు.
మూడో కోట. ఎడమ పక్క. రెండో దివిటీ.
టప్.
గొడుగాయన గోడకు కొట్టుకున్నాడు.
టప్. టప్.
"మూసినారక్కా."

"అది బగ్గు మామా, సరిచేసినారు" అని సుభాన్.
"సరే నాయనా" అన్యాడు మద్దిలేటి.
అని, ఆట ముందుకు పోనీకుండా
గోడ పొడుగునా ఒక్కో ఇటుకకూ
గొడుగాయన తల తాకిస్తా పోతాండాడు,
మంచి బండకూ బీటిచ్చిన బండకూ
సప్పుడులో తేడా వెతికినట్టు.

టీ చల్లారిపాయ.
ఐదో దివిటీ దాటినాడు.
టప్.